ఊరుకోవడానికి కట్టిన ఫీజు

బంగారుపేట బజారులో నాకంటే బాగా బేరమాడి నాకంటే బాగా మోసపోయినవాడు ఉంటే చూపించండి, నా ఖర్చుతో కాఫీ ఇప్పిస్తాను. బెంగళూరులో సర్కారు పనులు నడిపించే పైరవీకారుణ్ణి అడిగిన ఫీజులో సగానికి దించింది నేను. తిరుగు రైల్లో నిలబడటానికి చోటు లేకపోయినా నవ్వుకుంటూ వచ్చింది కూడా నేనే.

మా కొట్లు మున్సిపాలిటీవి. ధాన్యం, బట్టలు, కిరాణా, ఒకటి రెండు బంగారం కొట్లు, అన్నీ ఒకే వరస. ఆ వరసను పడగొట్టి స్థలాన్ని ఒక కంపెనీకి ఇస్తారని, వాళ్ళు పెద్ద కాంప్లెక్సు కడతారని నోటీసు వచ్చింది. తుది ఆర్డరుకు ముందు ఒక రోజు మున్సిపాలిటీ ఆఫీసులో హియరింగు పెడతారు. ఆ స్థలంలో బతుకుతున్నవాళ్ళు ఎవరైనా వచ్చి చెప్పుకోవచ్చు, చెప్పింది రాసుకోవాలి. లీజు మా పేర్ల మీద ఉన్నందువల్ల మాకు కొంత ధైర్యం ఉండేది. అది లేనిది మా పక్క కొట్టులో గాజులమ్మే అక్కకు. లీజు ఆమె భర్త తరఫు బంధువు పేరు మీద ఉండేది. ఆయన ఎప్పుడో ఊరు వదిలి వెళ్ళిపోయాడు, భర్త పోయాడు, ఆమె మాత్రం అక్కడే కూర్చుని బాడుగ కడుతూ వచ్చింది. ఆ కొట్టు తనదని సర్కారు చెవిన వేయడానికి ఆమెకున్న దారి ఆ హియరింగు ఒక్కటే.

వర్తకుల సంఘంలో మాట్లాడే పనులన్నీ నాకే అప్పజెప్పేవారు. బేరమాడటం నాకు చిన్నప్పటి నుంచే వచ్చు. మా నాన్న మండీలో కమీషన్ దళారి. ముళబాగిలు సంతలో చింతపండు కొనేటప్పుడు తువ్వాలు కింద చెయ్యి పెట్టేవాడు. అమ్మేవాడు కూడా పెట్టేవాడు. వేళ్ళు నొక్కి ధర చెప్పుకునేవారు, పక్కన నిలబడినవాడికి ఏమీ తెలిసేది కాదు. ధర నలుగురిలో చెప్పుకోవడం మర్యాద కాదని, పెద్ద పనులన్నీ తువ్వాలు కిందే జరుగుతాయని నమ్ముతూ పెరిగాను. అందుకే సర్కారు దగ్గర ఒక మనిషిని పెడదామని సంఘం అన్నప్పుడు నాకు తప్పనిపించలేదు. పైగా గొప్పగా అనిపించింది.

బెంగళూరులో ఆ పైరవీకారుడి ఆఫీసులో అద్దం బల్ల ఉంది. దాని మీద ఒక్క కాగితం లేదు. కార్డు మీద ‘గవర్నమెంట్ రిలేషన్స్’ అని ఉంది.

“నాదీ ముళబాగిలే అప్పా,” అన్నాడు. “మీ బజార్లో చిన్నప్పుడు బెల్లం కొనుక్కుని తిన్నాను. కూర్చోండి.”

ఫీజు చెప్పాడు. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమన్నాడు. సగం చెప్పాను. అతను కిటికీ వైపు చూసి, “మన ఊరోళ్ళు. ఏం చేసేది, కానీండి,” అన్నాడు.

చింతపండు అమ్మేవాడు సగానికి దిగితే బస్తా అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తాను. ఆ రోజు నా తెలివి నాకే ముద్దొచ్చింది, చూడలేదు.

“ఒకటే మాట,” అన్నాడు వెళ్ళేటప్పుడు. “హియరింగుకు మీ బజారు నుంచి ఒక్కరు గూడా రాకూడదు. మీరు ఆడ అరిస్తే లోపల నేను చేసే పని చెడిపోతాది. సుమ్మనే, నోరెత్తకుండా ఉండండి, మిగతాది నాకు వదిలేయండి.”

సంఘానికి చెప్పాను. మెచ్చుకున్నారు. అక్కకు కూడా చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే ఆమె అప్పటికే చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

“నేను పోయి రెండు మాటలు చెప్పొస్తానప్పా,” అంది, గాజులు కడ్డీకి ఎక్కిస్తూ. “చెప్తే రాసుకుంటారంట గదా.”

“వద్దక్కా. పెద్ద మనిషిని పెట్టినాము. నువ్వు పోతే ఆయన చేసింది పాడైపోతాది.”

“ఆ పెద్ద మనిషికి నేనొకదాన్ని ఉండానని తెలుసునా?”

“చెప్పినాను.” చెప్పలేదు.

“యాడో బెంగళూరులో కూర్చున్నోడికి నా కొట్టు సంగతి నీ నోటితో పోవాల. నా నోరేం పాడయింది?” అని నవ్వింది. “సరేలే. నీకు బేరం వస్తాది, నాకు గాజులు తొడగడం వస్తాది.”

హియరింగు రోజు అందరం కొట్లు తెరిచి బుద్ధిగా కూర్చున్నాం. కంపెనీ కారు ఆఫీసు వైపు పోతుంటే ఒకరినొకరు చూసుకుని తల ఊపుకున్నాం. మధ్యాహ్నం ఆఫీసు జవాను బీడీల కోసం వచ్చాడు.

“ఏమప్పా, మీ వాళ్ళెవరూ రాలేదే,” అన్నాడు. “సార్ కొంచెంసేపు చూసినారు. ఇంగ ‘అభ్యంతరాలు లేవు’ అని రాసుకుని లేచినారు. కంపెనీవోళ్ళు తెప్పించిన వడలు బాగున్నాయి, తిన్నారు.”

ఆర్డరు వచ్చింది. వరస మొత్తం కంపెనీకి. లీజు ఉన్నవాళ్ళకు కొత్త కాంప్లెక్సులో మేడ మీద, వెనక వైపు కొట్లు. లీజు లేనివాళ్ళ నుంచి ఏ అభ్యంతరమూ రాలేదు కాబట్టి వాళ్ళకు ఏమీ లేదు.

మళ్ళీ పొద్దున రైలెక్కాను. అదే అద్దం బల్ల.

“మీకు మేడ మీద ఇప్పించినాను గదా,” అన్నాడు.

“గాజుల అక్క సంగతి?”

“ఆమె ఎవరు?”

నేను మాట మార్చి అడిగాను. “ఆ రోజు సగానికి ఎందుకు ఒప్పుకున్నారు?”

“ఆ పక్క కంపెనీవోళ్ళు పూర్తిగా ఇచ్చినారు గదప్పా.” ఏ సిగ్గూ లేదు, టీ చెప్పించినంత మామూలుగా అన్నాడు. “వాళ్ళకు కావాల్సింది ఒకటే, హియరింగు గలాటా లేకుండా అయిపోవాల. మీరు వస్తే గదా గలాటా? మీ నాయన మండీలో రెండు పక్కలా కమీషన్ తీసుకోలేదా?”

“తీసుకున్నాడు. ఇద్దరి ఎదురుగా తీసుకున్నాడు.”

“ఈడ గూడా ఇద్దరిలో ఒకరికి తెలుసు,” అని నవ్వాడు.   అయినా అతని టీ తాగేశాను, చెప్పించాడు కదా అని. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే రోత.

ఆర్డరు ఇచ్చే ముందు ఆఫీసులో పెద్ద సారును ఎవరెవరు కలిశారో చెప్పమని సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. అలాంటి వివరాలు ఉంచుకోవడం లేదని జవాబు వచ్చింది. గుమాస్తాను అడిగితే, “సారును చూసేదానికి వచ్చినోళ్ళ పేర్లన్నీ రాస్తే ఇంగ సార్ దగ్గరకి ఎవరొస్తారన్నా,” అన్నాడు, నా అమాయకత్వానికి జాలిపడుతూ.

మా కొట్లో తూకం మిషను అంకెలు కొనేవాళ్ళకు కనిపించేలా తిప్పి పెట్టకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చి జరిమానా వేస్తాడు. పావు కిలో చక్కెరకు ఆ నియమం ఉంది. ఒక వరస మనుషుల బతుకు తూచేటప్పుడు మిషను గోడవైపు తిప్పి ఉంటుంది. తువ్వాలు కింద బేరంలో కూడా ఎవడి చెయ్యి వాడిదే. ఇక్కడ మా మనిషి చెయ్యి అనుకుని నేను నొక్కింది కంపెనీ వేళ్ళు.

కొట్టు ఖాళీ చేసే రోజు అక్క గాజులను గడ్డిలో పెట్టి పెట్టెల్లో సర్దింది. నేను ఎత్తబోయాను.

“వద్దప్పా, పగులుతాయి,” అంది.

తిడుతుందని ఎదురు చూశాను. తిడితే నాకు బాగుండేది. బహుశా అది తెలిసే తిట్టలేదు. ఇప్పుడు చాంపియన్ రీఫ్స్ దగ్గర పాత బంగారు గని కార్మికుల క్వార్టర్ల లైన్లలో ఇల్లిల్లూ తిరిగి అమ్ముతోంది. ఒకసారి కనిపించింది, కాళ్ళకు ఎర్ర దుమ్ము. “బాగుండారా?” అని అడిగింది. ఇంతకుముందు నన్ను ‘నువ్వు’ అనేది.

బిల్లు ఇది. హియరింగుకు వెళ్ళకుండా ఉండటానికి మేము ఒక మనిషికి డబ్బిచ్చాం. మేము వెళ్ళకుండా చూసినందుకు అదే మనిషికి కంపెనీ ఇంకా ఎక్కువ ఇచ్చింది. ఆఫీసుకు వడలు. అతనికి రెండు ఫీజులు. నాకు మేడ మీద కొట్టు, దానికి లీజు నా పేరు మీద. అక్క దగ్గర నుంచి పోయింది ఒక కొట్టు, చెప్పుకోవాల్సిన రెండు మాటలు, నన్ను పిలిచే ‘నువ్వు’. నా కొట్టులో సగం ఆమెకు ఇవ్వచ్చు. అడ్డగోడ ఎక్కడ వస్తుందో కూడా ఒకసారి టేపు పెట్టి కొలిచాను. ఇవ్వలేదు.