నీళ్ళు పడని బోర్లు

గూళూరు ప్రతిమ బెంగళూరులో తొమ్మిదేళ్ళు సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేసింది. బస్సు టికెట్లు అమ్మే యాప్‌కు కోడ్ రాసేది. పనిలో పేరున్నా, క్రమంగా దాని మీద ఆసక్తి పోయింది. ఎవరో అడిగింది రాసివ్వడం కాక, అంకెల్లోంచి తెలియని సంగతి ఒకటి బయటికి తీయాలనిపించింది. తెల్లవారుజామున లేచి స్టాటిస్టిక్స్ చదివింది. డేటా సైన్స్ ఉద్యోగాలకు వెళితే, సొంతంగా ఏం చేశావని అడిగారు. చెప్పడానికి ఏమీ లేదు.

అప్పుడామె తన ఊరి బోర్ల సంగతి పట్టుకుంది. బాగేపల్లి తాలూకాలో ఏ బోరు ఎక్కడ ఉంది, ఎంత లోతు, ఎన్ని అంగుళాల నీళ్ళు పోస్తుంది అనే వివరాలు దొరికినంత సేకరించింది. వాటికి నేల, వాన వివరాలు జోడించి కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్ తయారుచేసింది. ఒక చోటు చూపిస్తే అక్కడ ఎన్ని నీళ్ళు పడతాయో అది చెప్పేది.

ఆ మాట విని, చిన్నాయన గంగాధరప్ప తూర్పు చేను సంగతి అడిగాడు. రెండు అంగుళాలని మోడల్ చెప్పింది. ఆయన బోరు లారీ పిలిపించాడు. పొద్దుగూకే దాకా రాతిపొడి తప్ప ఏమీ రాలేదు. చూడవచ్చినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ప్రతిమ ముఖం మీది దుమ్ము కూడా తుడుచుకోకుండా నిలబడింది.

గంగాధరప్ప కోప్పడలేదు. ఇట్లాంటివి చాలా చూశామన్నాడు.

"నీళ్ళు పడనివి యాడన్నా రాసిపెడతారా చిన్నాయనా?" అని అడిగింది ప్రతిమ.

"వాటిని ఎవురు రాస్తారమ్మా? రాయి పెట్టి మూసి మర్చిపోతాం."

ఆమెకు విషయం అర్థమైంది. తన దగ్గరున్నవన్నీ నీళ్ళు పడిన బోర్ల వివరాలే. ఎండిన బోరు ఒకటుంటుందని మోడల్‌కు తెలియనే తెలియదు. కోడ్‌లో తప్పు లేదు.

సెలవు పెట్టి, ఎండిన బోర్ల కోసం స్కూటర్ మీద చుట్టుపక్కల ఊళ్ళు తిరిగింది. చాలామంది చూపించడానికి ఇష్టపడలేదు. మునిలక్ష్మమ్మ అనే ముసలామె మాత్రం చేనంతా తిప్పి, గట్టు పక్కన రాయి పెట్టి మూసిన బోరు దగ్గర ఆగింది.

"ఇది ఏసినంక మా ఆయన కూలికి పోయినాడు. దీన్ని గూడా రాసుకుంటావా?"

"రాసుకుంటానమ్మా."

ఎండిన బోర్లను కూడా చేర్చి మళ్ళీ లెక్క కట్టాక మోడల్ చాలాచోట్ల వద్దనే చెప్పింది. తూర్పు చేనులో ఇంకొకటి వేద్దామనుకుంటున్న గంగాధరప్పను ప్రతిమ ఆపింది.

"గట్టిగా చెప్తాండావా?" అన్నాడాయన.

"గట్టిగా చెప్పలేను చిన్నాయనా. పడకపోయేదానికే ఎక్కువ వీలుండాది."

ఆయన కొన్నాళ్ళు ఆలోచించి, ఆ చేనులో వానకు వేరుశనగ వేశాడు.

పంటల బీమా చూసే ఒక చిన్న కంపెనీ ఇంటర్వ్యూలో ప్రతిమ మొదట ఎండిన బోరు సంగతే చెప్పింది. ఉద్యోగం వచ్చింది. తనకంటే చిన్నవాడి కింద పని. పాత ఆఫీసులో కోడ్ నడిచేది, లేకపోతే ఆగేది. ఇక్కడ సాయంత్రానికి చేతిలో మిగిలేది ఒక అంచనా. మొదట్లో అది ఆమెకు నిలకడ లేని పనిలా తోచింది.

మరుసటి వేసవిలో తూర్పు చేను పక్కనే అమరేష్ అనే రైతు బోరు వేస్తే అంగుళం నీళ్ళు పడ్డాయి. గంగాధరప్ప ఫోన్ చేసి చెప్పాడు. నిష్టూరంగా ఒక్క మాటా అనలేదు. ఎంత లోతులో పడ్డాయని ప్రతిమ అడిగింది. ఆ బోరును కూడా తన లెక్కలో రాసుకుంది.