టమోటా రుచి మరిగిన పెద్దామె

మా అక్క రామాంజినమ్మకు ఒకటే జబ్బు. కంటికి కనబడిన ప్రతి ప్రాణికీ ఏదో ఒకటి తినిపించాలి. తంబళ్లపల్లె దగ్గర గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాళ్లం. మా నాయన మందను అదుపులో పెడితే, అక్క ముద్దు చేసి చెడగొట్టేది. తర్వాత ఆమెను కుప్పం అవతల అడివి అంచు పల్లెలో పాపన్నకిచ్చారు. నన్ను పుంగనూరులో టమోటా వ్యాపారం చేసే ఆదెప్పకిచ్చారు. ఈ రెండు సంబంధాలూ కలిసి ఒక తాబేలు కొంప ముంచబోయాయంటే ఎవరైనా నమ్ముతారా?

అక్క ఇప్పుడు లేదు. టమోటాలు తరుగుతుంటే ఇప్పటికీ ఆమే గుర్తొస్తుంది.

రెండువేల మూడు ప్రాంతం. అంతకుముందు మా వైపు బీళ్లలో, వేరుశనగ చేలల్లో మెట్ట తాబేళ్లు విచ్చలవిడిగా తిరిగేవి. నల్లటి డిప్ప మీద పసుపు చారలు నక్షత్రాల్లా ఉండేవి. చిన్నప్పుడు మాకవి గొర్రెపిల్లలంత మామూలు. తర్వాత ఎవరో వాటిని ఏరి, సంచుల్లో కుక్కి, పై దేశాలకు అమ్మడం మొదలుపెట్టారు. వాళ్ల చేతులు పడిపోను! అట్లా పోలీసులకు పట్టుబడినవాటిని ఫారెస్టోళ్లు తెచ్చి అక్కావాళ్ల పల్లె పక్క గుట్టలో వదిలారు. వదిలినవి వదిలినట్టే నడక పట్టాయి. పాత చోటు వెతుక్కుంటున్నట్టు ఎటో పోయి, కొన్ని లారీల కింద పడ్డాయి.

అందుకని రెండోసారి తెచ్చినవాటికి గుట్ట కింద రాళ్లతో పెద్ద దొడ్డి కట్టారు. ఒక వానాకాలం అందులో ఉంచితే ఆ నేల, ఆ గడ్డి అలవాటై, గోడ తీసినా దూరం పోవని దీప చెప్పింది. దీప అంటే తాబేళ్ల మీద చదువు చదివి, వీటిని చూసుకోవడానికి వచ్చిన పిల్ల. కాపలా పని అక్కకిచ్చింది.

"అక్కా, అడివి గడ్డీ, నాగజెముడూ తప్ప ఏమీ పెట్టొద్దు. పిలవొద్దు, ముద్దు చేయొద్దు" అని మరీమరీ చెప్పింది.

చెప్పింది ఎవరికి? మా అక్కకు!

ఆ ఏడు మదనపల్లె మార్కెట్లో టమోటా ధర పడిపోయింది. జనం రోడ్ల పక్కన పారబోస్తుంటే మనసొప్పక మా ఆయన ఇంటికి మోసుకొచ్చేవాడు. ఊరగాయ పెట్టుకుంటారని నేను గంపకెత్తి కుప్పం బస్సులో అక్కకు పంపేదాన్ని. ఆ మహాతల్లి ఊరగాయ పెట్టలేదు. పొద్దున్నే దొడ్డికి పోయి అన్నింటికీ పంచిపెట్టింది.

"ఇంటికొచ్చినోళ్లకు గడ్డి పెడ్తామా మే?" అని నన్నే అడిగింది తర్వాత.

వానలు తగ్గాక గోడ తీశారు. దీప మాటే నిజమైంది. తాబేళ్లు ఆ గుట్ట వదిలిపోలేదు. కొన్నాళ్లు అక్క కోసం చూసి, కాపలా పని అయిపోయి ఆమె రాకపోయేసరికి పొదల్లో పడి మేశాయి. ఒక్కటి తప్ప. డిప్ప అంచు విరిగిన ముసలి ఆడ తాబేలు. అక్క దాన్ని పెద్దామె అనేది. పెద్దామె గుట్ట దిగి, లారీలు తిరిగే రోడ్డు దాటి, తిన్నగా అక్క గడప ముందుకొచ్చి కూర్చునేది. రుచి మరిగిన ప్రాణం ఊరుకుంటుందా?

దీప చూసి తల పట్టుకుంది. "వచ్చే వానల్దాకా చూస్తానక్కా. అప్పటికీ మానకపోతే జూకు పంపక తప్పదు. బోనులోనైనా ప్రాణంతో ఉంటుంది."

"సంచిలోంచి తప్పించుకునింది బోనులో పడాల్నా? నా చేత్తో నేనే తోసినట్టు గదమ్మా!" అని అక్క నోరు కొట్టుకుంది.

గొర్రెపిల్లలకు పాలు మాన్పించేందుకు మా నాయన తల్లి పొదుగుకు వేపాకు నూరి పూసేవాడు. అక్కకు అది గుర్తొచ్చింది. టమోటాకు వేపాకు ముద్ద పూసి పెట్టింది. పెద్దామె వాసన చూసి దాన్ని వదిలేసింది. వదిలేసి, అక్క కాలి దగ్గరికొచ్చి మెడ సాచింది.

ఆ రోజే నాకు ఫోన్ చేసింది. "మే, ఏపాకు పనిజేయలా. మొండి పిల్లైతే నాయనేం జేసేవాడు? తల్లినే యేరే మందకు తోలేసేవాడు గదా. నేను మీ ఇంటికొస్తాండా."

పెళ్లయ్యాక మొగుణ్నీ ఇంటినీ విడిచి ఎక్కడా ఉండని మనిషి, పెట్టె పట్టుకుని పుంగనూరు వచ్చేసింది. పెద్దామె రోడ్డెక్కకుండా వెనక్కి మళ్లించే పని బావ మీద పడింది.

ఇక నా అవస్థ చూడాలి! తెల్లారితే మనిషి ఇంట్లో ఉండదు. వెతుక్కుంటూ పోతే బస్టాండులో కుప్పం బస్సులొచ్చే చోట నిలబడి ఉండేది. "మీ అక్కకు గూడా దొడ్డి కట్టల్ల" అని మా ఆయన నవ్వేవాడు. టమోటా పప్పు చేస్తే ముట్టేది కాదు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"తాబేలే నయం! నీకు కుదురనేది లేదా?" అని అరిచాను.

"అది గడప కాడ కూసోనుంటాది మే" అంది అక్క. "తలుపు తీయలేదని ఏమనుకుంటాదో."

నా కోపం ఏమైపోయిందో తెలియదు. ఇద్దరం కూర్చుని ఏడ్చాం.

మళ్లీ వానలు పడ్డాక అక్కతోపాటు నేనూ పోయాను. పెద్దామె దిగిరావడం మానేసి చాలా కాలమైందని బావ చెప్పాడు. మానేసిందా, చచ్చిపోయిందా? అది మాత్రం ఆయనకూ తెలియదు. అక్క అన్నం కూడా తినకుండా గుట్టెక్కింది.

తడిసిన పొద మొదట్లో గడ్డి కొరుకుతూ కనబడింది. విరిగిన అంచు, అదే. అక్క అన్నీ మరిచిపోయి, "పెద్దామె!" అంటూ చెయ్యి చాపింది.

తాబేలు బుస్సుమంది. తలా కాళ్లూ లోపలికి లాక్కుని రాయిలా పడి ఉంది. ఎంతసేపు చూసినా బయటికి రాలేదు.

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శోకాలు పెడుతుందేమోనని భుజం పట్టుకున్నాను. చూస్తే నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి.

"సూసినావా మే? నన్ను సూసి బయపడింది! బతికిపోయింది నా తల్లి!"

వెంటనే నా చెయ్యి పట్టి లాగింది. "రా, పోదాం. మనముంటే అది మేయదు."

తిరిగి చూడకుండా గుట్ట దిగిపోయింది. నేనే ఆగలేక వెనక్కి చూశాను. పెద్దామె తల బయటపెట్టి మళ్లీ గడ్డి కొరుకుతోంది.