కురుమూర్తి చేతి ఇటుక

వీపనగండ్ల దగ్గరి కురుమూర్తి బట్టీలో పేరు లేని ఇటుక దొరకదు. మిగతా కంపెనీల ఇటుకల మీద మూడు ఇంగ్లీషు అక్షరాలుంటాయి, వాటి అర్థం ఓనర్లకే సరిగ్గా గుర్తుండదు. కురుమూర్తి ఇటుక మీద మాత్రం దాన్ని పోసిన మనిషి పేరుంటుంది, శుభ్రంగా, తెలుగులో. ఈదమ్మ పోసింది ఈదమ్మ, బుచ్చన్న పోసింది బుచ్చన్న. ఒక్కొక్కరికి ఒక్కో ఇనుప అచ్చు, దాని అడుగున తిరగేసి చెక్కిన పేరు.

ఎందుకని ఎవరడిగినా ఆయన జవాబు ఒక్కటే.

"రేపు ఇటుక పగిలితే ఎవర్ని తిట్టాల్నో తెల్వొద్దా?"

ఈ పేర్ల వల్ల వచ్చిన తంటాలు అన్నీ ఇన్నీ కావు. శ్రీరంగాపూర్‌లో ఒకావిడ, సగం లేచిన తన ఇంటి గోడ నిండా "సుగుణమ్మ" అని చూసి, ఈ సుగుణమ్మ ఎవరో చెప్పేదాకా మొగుడికి అన్నం పెట్టనంది. కురుమూర్తి అరవై ఏళ్ల సుగుణమ్మను ట్రాక్టరు ఎక్కించి తీసుకెళ్లి చూపించాడు. సుగుణమ్మ ఆ ఇంట్లో కడుపునిండా తిని, చీర పెట్టించుకుని మరీ వచ్చింది.

వెంకటన్నది ఇంకో కథ. ఆయనకూ బుచ్చన్నకూ పదేళ్లుగా పొలం గెట్టు పంచాయితీ. ఇల్లు కట్టుకుందామని ఇటుకలు తెప్పిస్తే ట్రాలీ నిండా బుచ్చన్నే దిగాడు. వాడి పేరు తన గోడలో ఉండడానికి వీల్లేదని వెంకటన్న బట్టీకి వచ్చి కూర్చున్నాడు. కురుమూర్తి తాపీగా చాయ్ తాగి, "పేరు ఎన్నటికీ బైటికి కనవడది. కింద సిమెంటు, మీద సిమెంటు. రోజూ వాన్ని పూడ్చిపెడుతున్న అనుకో" అన్నాడు. వెంకటన్న లేచి పంచె దులుపుకుని, ప్రహరీగోడకు కూడా బుచ్చన్నవే కావాలన్నాడు.

వనపర్తి నుంచి జయశ్రీ ఈ బట్టీ ఆఫీసులో పనికి చేరి నాలుగు నెలలైంది. ఫోన్లు ఎత్తడం, లారీలు రాసుకోవడం ఆమె పని. మాట తక్కువ మనిషే కానీ, ఏదైనా అర్థం కాకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఇక్కడ చేరగానే ఒకటి అర్థం కాలేదు. వంకర ఇటుక, గుల్ల ఇటుక, మూల విరిగిన ఇటుక, ఏది వాపసు వచ్చినా దాని మీద "కురుమూర్తి" అనే ఉంటుంది. అందరిలోకీ చెత్త ఇటుక పోసేది స్వయంగా ఓనరే.

ఆ సంగతి ఊరందరికీ తెలుసు. పైగా ఆ వంకర ఇటుకలనే ఆయన చుట్టుపక్కల ఊళ్లకు ఊరికే పంచుతాడు. బడిలో వేపమొక్కల చుట్టూ గూళ్లు, బస్సు ఆగే చోట కూర్చునే దిమ్మె, అంగన్‌వాడీ ముందు పిల్లలు చేతులు కడుక్కునే తొట్టి, ఇటుకలను నిలబెట్టి కట్టడంతో అన్నిటి మీదా కురుమూర్తి, కురుమూర్తి. చేతకాని చేతికి తోడు పేరు పిచ్చి అని జనం నవ్వుకునేవాళ్లు. "మొక్కకు నీళ్లు పోద్దామంటే గూడ ఈయన పేరు సద్వాల్నా" అని బడి పంతులు ఒకసారి మొహం మీదే అన్నాడు. కురుమూర్తి ముసిముసిగా నవ్వి, ఇంకో గూటికి సరిపడా పంపించాడు.

మాఘమాసంలో జయపాల్ వచ్చాడు. వనపర్తి రోడ్డులో పెద్ద ఫంక్షన్ హాలు కడుతున్న కాంట్రాక్టరు. ముందు ప్రహరీకి ఒక లారీ పంపమన్నాడు. నచ్చితే హాలు మొత్తానికీ ఇక్కడి ఇటుకే. ఆ మాట వినగానే బట్టీలో అందరి ముఖాలూ వెలిగాయి. ఆ ఏడాది బేరాలు బాగా తగ్గాయి. ఈ బేరమూ పోతే బట్టీ మీద బతికే పన్నెండు కుటుంబాలూ మూటలు కట్టుకుని కూలికి పూణె బస్సెక్కాల్సిందే.

ఈదమ్మ పదహారేళ్లు అక్కడ పని చేసి వచ్చింది. జయశ్రీతో ఒకసారి అంది. "పూణెల నేను ఇటుక మొయ్యని గల్లీ లేదు బిడ్డా. ఒక్క గోడకన్న నేనెవరో తెల్వదు."

పంపిన లారీ వెనకాలే జయపాల్ కూడా తిరిగి వచ్చాడు. కారు దిగుతూనే చేతిలోని ఇటుకను నేల మీద వదిలాడు. అది మూడు ముక్కలైంది. లోడు ఎత్తినవాళ్లు పొరపాటున, మొక్కల గూళ్ల కోసం విడిగా పెట్టిన గుట్టలోంచి కూడా ఎత్తేశారు.

"గిది ఎవరి చెయ్యో గానీ, ఆ మనిషిని పనిలకెల్లి తీసేస్తేనే మిగతా బేరం" అన్నాడు జయపాల్.

కురుమూర్తి వంగి ముక్కలు దగ్గర పెట్టాడు. పేరు కనిపించింది.

"నాదే తమ్మీ."

జయపాల్ రెండు చేతులూ జోడించాడు. "కురుమూర్తన్నా, నీకు దండం పెడ్త. ఇగ మట్టి ముట్టకు" అన్నాడు.

"ముట్ట."

"పిల్లల మీద ఒట్టు?"

"ఒట్టు. ముట్టనే ముట్ట."

జయపాల్ శాంతించి వెళ్లిపోయాడు. కురుమూర్తి కూడా హాయిగా ఎడమచేత్తో చాయ్ గ్లాసు అందుకున్నాడు. జయశ్రీ కళ్లు ఆ చేతి మీదే ఆగిపోయాయి. తనూ పూణెలో కూలి చేసినప్పుడెప్పుడో సెంట్రింగ్ మీద నుంచి పడ్డప్పటి నుంచి ఆయన కుడి భుజం పైకి లేవదు. పొద్దున్నే తల కూడా భార్యే దువ్వుతుంది. అచ్చులోకి మట్టి ఎత్తి కొట్టాలంటే రెండు చేతులూ గట్టిగా ఉండాలి.

మర్నాడు పొద్దున్నే ఆమె ఆఫీసులోకి పోకుండా ఇటుకలు ఆరబెట్టే మైదానానికి నడిచింది. ఒక చివర అంజుమ్ కూర్చుని ఉంది. బోరు ఎండిపోయి, చేను దున్నకుండా పడావు పెట్టి, నెల క్రితమే పనిలో చేరిన ఆడమనిషి. అచ్చు తిరగేసి మెల్లగా ఎత్తింది. ఒక మూల జారింది. ఇటుక మీద "కురుమూర్తి" అని పడింది.

అంజుమ్ గాభరాగా చూసింది. జయశ్రీ అడగకముందే, పక్కన మట్టి తొక్కుతున్న ఈదమ్మ జవాబు చెప్పింది.

"చెయ్యి కుదిరేదంక అందరం ఆయన పేరుతోనే పోస్తం బిడ్డా. నేను ఆర్నెల్లు పోసిన. ఆ బడి కాడి గూళ్లు నావే."

"మరి అందరూ ఆయన్ను చూసి నవ్వుతుంటే?" అంది జయశ్రీ.

"నవ్వనియ్ అంటడు. కొత్తోళ్ల పేరు మొదట్లనే చెడొద్దంట."

జయశ్రీ ఆఫీసుకు తిరిగి వచ్చింది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నెలన్నర తర్వాత హాలుకు ఇటుకలు కదిలాయి. అంజుమ్ చేతికి ఆ లోపు మట్టి లొంగింది, ఆమె పేరుతో కొత్త అచ్చు కూడా వచ్చింది. జయపాల్ స్వయంగా వచ్చి ఒక్కో ఇటుకనూ వేలితో కొట్టి చూశాడు. గంటలా మోగుతున్నాయి. అంజుమ్ అని ఉన్నదాన్ని మూడుసార్లు కొట్టి చూశాడు.

"చూసినవా అన్నా," అన్నాడు గర్వంగా, "నువ్వు చెయ్యి పెట్టకుంటే ఎంత మంచిగొస్తున్నయో."

"నిజమే తమ్మీ. నాకు జర ముందు చెప్పేటోళ్లు లేకపాయె" అన్నాడు కురుమూర్తి.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక జయశ్రీ మైదానంలో కూర్చుని, మోచేతుల దాకా మట్టి చేసుకుని ఒక ఇటుక పోసింది. అది ఇటుకలా లేదు, ఎవరో కూర్చుని లేచినట్టుంది. వెనక అడుగుల చప్పుడు వినిపించేసరికి చేతులు ఎక్కడ దాచాలో తెలియక నిలబడిపోయింది.

కురుమూర్తి వచ్చి ఇటుక చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి, అక్షరాలు కూడబలుక్కున్నట్టుగా తన పేరే చదువుకున్నాడు.

"థూ," అన్నాడు, "మళ్ల నేనే పోసిన. జయపాల్‌కు చెప్పకు బిడ్డా, ఒట్టు పెట్టిన."