మూడో జేబు

టకటకటక... ముందు ఆ చప్పుడే వినిపిస్తుంది. కాసేపు ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ వానలా అందుకుంటుంది. మెట్లెక్కి తలుపు తోస్తే మూడు కుట్టుమిషన్లు, ఒక కిటికీ, ఆ వెలుతురులో సూదికి దారం ఎక్కిస్తూ ఆమె. ఏం కుట్టినా జేబు పెట్టకుండా వదలదు కాబట్టి వీధంతా ఆమెను జేబులక్క అంటుంది.

నగరపాలక సంస్థ వాళ్ల పనికి ఆమె ఎన్నడూ ఆశపడలేదు. వీధులు ఊడ్చేవాళ్ల పైచొక్కాలు రెండు వేలకూ ఒకటే టెండరు. పెద్ద ఫ్యాక్టరీలకు తప్ప అందేది కాదు. ఈ ఏడు దాన్ని పది భాగాలు చేసి, నాలుగింటిని ఆడవాళ్లు నడిపే చిన్న దుకాణాలకు కేటాయించారు. ఆ మాట విన్న రోజు ఆమెకు అన్నం సయించలేదు. బడి యూనిఫాంల పని చేజారాక రెండు మిషన్లు ముసుగు కప్పుకునే ఉన్నాయి. ఇదీ పోతే దుకాణానికి తాళమే.

నమూనా చొక్కా కుట్టడానికి వారం పట్టింది. ఇరవై ఏళ్లుగా పక్క మిషన్ మీద కూర్చునే వదిన, అన్న భార్య, ఊరుకుంటుందా?

"పెళ్లికూతుర్ని చేస్తున్నావా ఏంటి దాన్ని?"

"నీకంటే బుద్ధిగా కూర్చుంటోందిలే వదినా."

టెండరు గడువు ఆఖరి రోజు ఇద్దరూ కలిసి తీసుకెళ్లారు. కౌంటర్లో అధికారిణి టేపు పెట్టి కొలిచింది. భుజం సరే, పొడవు సరే. చొక్కా లోపల చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఇదేంటమ్మా? రెండు జేబులే కదా రాశాం?"

"లోపలొకటి పెట్టానండీ. మా వీధి ఊడ్చే ఆవిడ ఫోను నడుముకి దోపుకుంటుంది. వంగినప్పుడల్లా కింద పడుతోంది, పాపం."

"ఆలోచన మంచిదే. కానీ రాసినట్టు లేకపోతే నేను తీసుకోకూడదు. మూడింటికి టెండరు పెట్టె మూసేస్తాం." ఆమె గొంతు తగ్గించింది. "ఇంకా నలభై నిమిషాలుంది."

"నీ జేబులు తగలెయ్య! నోటిదాకా వచ్చింది కదే," అంది వదిన.

జేబులక్క చొక్కా తీసుకుని బయటికి నడిచింది. వరండా బెంచీ మీద కూర్చుని చొక్కాను ఒళ్లో తిరగేసింది. పసిపిల్ల పాదంలోంచి ముల్లు తీసినట్టు, పిన్నీసు మొనతో ఒక్కో కుట్టూ ఎత్తింది. జేబు ఊడి చేతిలోకి వచ్చింది. దాని చోట సన్నని సూది రంధ్రాలు, ఎవరో ఏదో రాయబోయి చుక్కల దగ్గరే ఆగిపోయినట్టు. తిట్టిన వదినే వంగి, వేలు తడి చేసుకుని, గోటితో రుద్ది వాటిని ఒక్కొక్కటిగా పూడ్చింది.

"ఏడవకు. మరకైతే అదొక వంక పెడతారు."

పెట్టెలో వేసేసరికి మూడుకి ఐదు నిమిషాలు తక్కువ.

నెల తిరిగాక ఒక భాగం వాళ్లకొచ్చింది. రెండు వందల చొక్కాలు. ఇప్పుడు పనికి ఇంకొకావిడ కూడా చేరి, మూడు మిషన్లూ ఒకదాని మాట ఒకటి అందుకుంటున్నాయి. ప్రతి చొక్కాకీ రెండే జేబులు, రాసినట్టే. కత్తిరించగా మిగిలిన బట్టను మాత్రం ఆమె పారేయడం లేదు. అరచెయ్యంత ముక్కలుగా కోసి కిటికీ పక్కన దొంతర పెడుతోంది.

ఈ కబుర్లన్నీ విని నేను సెలవు తీసుకుంటుంటే, సూది మీంచి చూపు తిప్పకుండానే జేబులక్క అంది:

"చొక్కాలు ఇచ్చేశాక ఇంక అవి వేసుకున్నవాళ్లవేగా. దారిలో ఎవరైనా కనబడితే కాస్త చెప్పండి, ఇటొచ్చి కూర్చోమని. టీ తాగేలోపు కుట్టి ఇచ్చేస్తాను."