రాగి చెంబు కోసం నల్లగొండ నుంచి పాలమూరుకు

మన దగ్గర టెన్నిస్ పోటీలు ఎలా మొదలయ్యాయో రాయమని మా ఎడిటరు అడిగినప్పుడు హైదరాబాదులోని క్లబ్బుల చుట్టూ వారం తిరిగాను. అన్నిచోట్లా దాదాపు ఒకే కథ. ఎవరో దొర, ఒక వెండి కప్పు, గోడ మీద ఫోటో. ఆ వారం చివర్లో ఒక బస్సు కండక్టరు, నల్లగొండ వాళ్లూ పాలమూరు వాళ్లూ ఏటా రాగి చెంబు కోసం ఆడతారని, ఆడే ముందు ఇద్దరూ నూరు మైళ్లకు పైగా సైకిలు తొక్కుతారని చెప్పాడు. నమ్మకం కుదరక నల్లగొండ ఆటగాళ్ల పేరున కార్డు రాశాను. ఈ ఏడు వెంట తొక్కే సాక్షి దొరకలేదు, తొక్కగలిగితే మీరే రండి అని జవాబు వచ్చింది. సైకిలు మీద జిల్లాలు తిరిగిన అలవాటు నాకుంది. వెళ్లాను.

హైదరాబాదు నుంచి నల్లగొండకు పొద్దుటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి దిగవచ్చు. సైకిలును బస్సు పైన కట్టిస్తారు, దానికి టికెట్టు కాక లగేజీ ఛార్జీ వేరే. స్టాండులో నన్ను కలుసుకున్నది ఈశ్వరయ్య. హైస్కూలులో డ్రిల్లు మాస్టరు, నలభై దాటాయి, కేతేపల్లి వైపు మగ్గం కుటుంబం. స్కూలు వెనకాల మొరం కోర్టు చూపించాడు. ఆఫీసర్ల క్లబ్బు పారేసిన వలను టీచర్లు తెచ్చి బాగుచేసుకున్నారట. వల పైఅంచున ఉండే తెల్లటి పట్టీ మాత్రం ఈశ్వరయ్య తండ్రి మగ్గం మీద నేసింది. మొదటి ఏడు కప్పు కొనే స్తోమత ఎవరికీ లేకపోతే ఈశ్వరయ్య తల్లి వంటింట్లోని రాగి చెంబు తీసి ఇచ్చింది. అలా పోటీ పుట్టింది.

దాని పద్ధతి పాతదే. కిందటి ఏడు గెలిచినవాడు తన ఊళ్లోనే ఉంటాడు, గెలవాలనుకున్నవాడు అక్కడికి పోయి ఆడాలి. టెన్నిస్ పుట్టిన ఇంగ్లండులో కూడా ఒకప్పుడు గెలిచినవాడు కూర్చుని ఎదురుచూసేవాడు, మిగతా అందరినీ ఓడించిన ఒక్కడు వచ్చి అతనితో ఆడేవాడు. మనవాళ్లు దీనికి సైకిలు కలిపారు. మొదటి ఏడు పాలమూరు నుంచి రావలసిన టీచరు, బస్సు చెడిపోతే సైకిలు మీద వచ్చి, ఆడి, ఓడిపోయాడు. అలసినవాణ్ని ఓడిస్తే అది గెలుపా అని నల్లగొండ వాళ్లకే అనుమానం వచ్చింది. అప్పటినుంచి రూలు పెట్టుకున్నారు. వచ్చేవాడు సైకిలు మీదే రావాలి. ఉన్నవాడు సగం దారి ఎదురెళ్లి అతన్ని వెంటబెట్టుకుని రావాలి. సగం పోయి సగం తిరిగొస్తే ఇద్దరి కాళ్లకూ ఒకే దూరం. ఆట మర్నాడు పొద్దున.

కలుసుకునే చోటు డిండి దాటాక, రోడ్డు కింద వాన నీళ్లు పోయే ఒక మోరీ పక్కనున్న మైలురాయి. దానికి ఎర్ర రంగు పూశారు. కల్వకుర్తి నుంచి దేవరకొండ పోయే పగటి బస్సు ఆ రాయిని దాటేలోపు ఎవరు చేరకపోతే వాళ్లు ఓడినట్టు. వరసగా మూడేళ్లు గెలిచినవాడికి చెంబు సొంతం. పాలమూరులో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా దేవదానం ఇప్పటికి రెండేళ్లు ఈశ్వరయ్య మీదే గెలిచాడు.

ఆ రాత్రి ఈశ్వరయ్య తల్లి నాకు గ్లాసుతో నీళ్లిస్తూ సంజాయిషీ చెప్పుకుంది. "నా చెంబు రెండేండ్ల సంది పాలమూరుల ఉన్నది సారూ. నీళ్లు తాగనీకి ఇచ్చిన, ఆడుకోనీకి కాదు." కొడుకు తలెత్తకుండా తిన్నాడు. ఈసారి ఓడిపోతే చెంబు మళ్లీ ఈ ఇంటికి రాదని ముగ్గురికీ తెలుసు.

తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. కొండమల్లేపల్లి దాకా రోడ్డు పరవాలేదు, అక్కడినుంచి దేవరకొండ దాకా కంకర తేలింది. ఈశ్వరయ్య సైకిలు కడ్డీకి రాకెట్టు గుడ్డసంచిలో కట్టి ఉంది. ఎక్కువ మాట్లాడడు, ఎత్తు వచ్చినప్పుడు మాత్రం సీటు మీంచి లేవవద్దని నాకు చెప్పేవాడు. దేవరకొండలో ఇడ్లీ, చాయ ముప్ఫై నయాపైసల్లో అయిపోయాయి. ఎక్కడికి పోతున్నారని హోటలాయన అడిగితే చెంబు కోసమని నేనే నోరు జారాను. "చెంబుతోని పోయేటోళ్లను చూసిన గని, చెంబు కోసం పోయేటోళ్లను ఇప్పుడే చూస్తున్న" అన్నాడాయన. బల్లల దగ్గర అందరూ నవ్వారు. ఈశ్వరయ్య కూడా నవ్వాడు. ఆ రోజుకు అదే ఆఖరు నవ్వు.

డిండి దాటాక ఊళ్లు పలచబడతాయి. రెండు పక్కలా రాతి గుట్టలు, కోసేసిన జొన్న చేలు, ఎక్కడో ఒక సీతాఫలం పొద. మోరీ దగ్గరికి పది దాటాక చేరాం. దేవదానం లేడు. ఎర్ర రాయి కూడా లేదు. అది ఉన్నచోట గుంత పూడ్చిన కొత్త మట్టి కనిపించింది. పక్కన కొత్తగా నాటిన కిలోమీటరు రాయి ఉంది. ఈ మధ్య ఈ రోడ్డు మీద మైలురాళ్లు పీకేసి కిలోమీటరు రాళ్లు పాతుతున్నారు. రాయి పోయినా మోరీ పోలేదు గదా అని ఈశ్వరయ్య సైకిలు గోడకు ఆనించి కూర్చున్నాడు.

గంట దాకా అక్కడే కనిపెట్టుకుని ఉన్నాం. పడమటి దిక్కు రోడ్డు చాలా దూరం తిన్నగా ఉండి ఒక ఎత్తు మీద మాయమవుతుంది. ఆ ఎత్తు మీద ఏదైనా కదిలితే ఈశ్వరయ్య లేచేవాడు. రెండుసార్లు ఎడ్ల బండి వచ్చింది, ఒకసారి గొర్ల మంద. చివరికి దుమ్ము లేపుకుంటూ బస్సు కనిపించింది. ఆగకుండా పోతే చాలు, చెంబు ఈశ్వరయ్యది. కాని బస్సు మా ముందు ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఈశ్వరయ్య సారు మీరేనా? మంచిగనే ఉన్నరు గద. దారిల ఎక్కడన్న పడ్డరేమో చూడుమన్నడు గాయన. పడితె ఎక్కించుకోని దేవరకొండ దవాఖానకు తీస్కపొమ్మన్నడు."

ఎవరని అడిగితే, అవతల ఎత్తు దిగాక ఎర్ర రాయి మీద ఒకాయన కూర్చుని ఉన్నాడని, బస్సు కదలగానే సైకిలు కల్వకుర్తి దిక్కు తిప్పాడని చెప్పాడు. బస్సు వెళ్లిపోయింది. ఈశ్వరయ్య కొత్త మట్టిని చెప్పుతో నొక్కుతూ కాసేపు నిలబడ్డాడు. సంగతి ఇద్దరికీ అర్థమైంది. రాళ్లు పీకినవాళ్లు ఎర్ర రాయిని అక్కడికి చేర్చారు. దేవదానం ఆ రాయిని చూసి అక్కడే ఆగిపోయాడు. ఇప్పుడు పాలమూరు చేరి, నల్లగొండ మనిషి రాయి దగ్గరికి రాలేదని చెబితే, చెంబు అతనికి సొంతమవుతుంది.

"సారు, మీరేం రాస్తరు?" అన్నాడు ఈశ్వరయ్య.

"ఉన్నదే రాస్తాను. బస్సు వచ్చేసరికి మీరు మోరీ దగ్గర ఉన్నారు, ఆయన లేడు."

"గది చాలుతది గద, చెంబుకు?"

చాలుతుందన్నాను. ఆయన సైకిలెక్కాడు. ఎక్కడికో చెప్పలేదు గాని పడమటికే తొక్కాడు. పొద్దుటినుంచి అంత జోరుగా తొక్కడం నేను చూడలేదు.

ఎత్తు దిగాక రాళ్లు కొట్టే కుటుంబాల గుడిసెలు నాలుగు కనిపించాయి. రోడ్డు పక్కన ఎర్ర రాయి నిలబెట్టి ఉంది, దానికి ఎద్దు కట్టేసి ఉంది. గుత్తేదారు పీకించిన రాళ్లలో ఒకటి ఎద్దును కట్టేయడానికి పనికొస్తుందని బండి మీద తెచ్చుకున్నారట. కంకర కొడుతున్న ఒకామె సుత్తి ఆపి, ఆయన చాలాసేపు కూర్చున్నాడని, ఎద్దును తాను ఇటు జరిపితే గాని రాయి మీద జాగా దొరకలేదని చెప్పింది. మోరీ నుంచి అక్కడికి వచ్చేలోగా కొత్త కిలోమీటరు రాళ్లు మూడు దాటాం. ఆ సంఖ్య గుర్తుపెట్టుకున్నాను.

కల్వకుర్తి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది. దేవదానం కోసం ఊరు దాటి పోవలసి వస్తుందని ఈశ్వరయ్య భయపడ్డాడు, నేనూ అంతే అనుకున్నాను. కాని బస్టాండు పక్కన మెస్సు ముందు అతని సైకిలు ఉంది. సన్నటి, పొడుగాటి మనిషి, ముప్ఫై ఉంటాయి. విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు, అన్నంలో చెయ్యి పెట్టలేదు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు.

"బతికున్నవా అన్నా? తిరుగు బస్సుకు నీ కబురొస్తదని కూసున్న."

ఈశ్వరయ్య ముందు నీళ్లు తాగాడు. తర్వాత ఎద్దు సంగతి చెప్పాడు. దేవదానం విని మెల్లగా కూర్చున్నాడు. "ఎదురుగాలి లేదు గద, జల్దిన వచ్చిన అనుకున్న. మోరీ యాదికే రాలే. అయితే చెంబు నీదే అన్నా. నేను జాగాకు రాలేదు."

"రూలుల రాయి అనే ఉన్నది. రాయి కాడ నువ్వున్నవు, నేను లేను."

"మరి ఎట్ల?"

"ఎట్లేంది. ఫుకట్ల, ఆడకుండ తీస్కపోతే మా అమ్మ గడప తొక్కనియ్యదు. నిన్ను ఓడగొట్టి తీస్కపోత."

"రెండేండ్ల సంది గట్లనే అంటున్నవు" అన్నాడు దేవదానం. అప్పుడు గాని అన్నం కలపలేదు.

తింటున్నంతసేపూ అతను ఇంకేదో లెక్క వేస్తున్నట్టు కనిపించాడు. లేచేముందు నన్నే అడిగాడు, తాను ఎంత దూరం తక్కువ తొక్కాడని. మోరీ నుంచి ఎద్దు దాకా మూడు రాళ్లు, పోనూ రానూ ఆరు కిలోమీటర్లు అన్నాను. తల ఊపి చెయ్యి కడుక్కున్నాడు. ఈ మెస్సులో భోజనం ముప్పావలా, మజ్జిగ ఎంతైనా పోస్తారు. దీని తర్వాత జడ్చర్ల దాకా నమ్మకంగా తినడానికి ఏమీ దొరకదు.

మధ్యాహ్నం దారి గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, బాధ తప్ప. మిడ్జిల్ దగ్గర ఈశ్వరయ్య పిక్క పట్టేసింది. దేవదానం దిగి, రోడ్డు మీదే కూర్చోబెట్టి, అరికాలు వెనక్కి వంచి పట్టుకున్నాడు. రేపు ఓడించవలసిన మనిషి కాలు అది. జడ్చర్లలో చాయ తాగి, పొద్దు గుంకేముందు పాలమూరు పొలిమేర తాకాం.

ఆట జరిగే క్లబ్బు గేటు దగ్గర నలభై యాభై మంది ఉన్నారు. దేవదానం భార్య రాగి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. అందరికన్నా ముందు వచ్చింది దేవదానమే. జనం చప్పట్లు కొట్టారు. అతను దిగలేదు. భార్య ఎదురుగా చెంబు చాపినా తల అడ్డంగా ఊపి, గేటు దాటి ఊళ్లోకి పోయాడు. చప్పట్లు ఆగిపోయాయి. పిచ్చి గాని పట్టిందా అని ఎవరో అన్నారు. వెనకాల వచ్చిన ఈశ్వరయ్య మాత్రం దిగి, కుర్చీ వేసినా కూర్చోకుండా, సైకిలు పట్టుకునే నిలబడ్డాడు. నేను జనానికి మూడు రాళ్ల సంగతి చెప్పాను. దీపాలు పెట్టే వేళకు దేవదానం తిరిగొచ్చి, దిగబోయి గేటు పట్టుకున్నాడు. చెంబు ముందు ఈశ్వరయ్యకు ఇమ్మని భార్యకు సైగ చేశాడు. ఈశ్వరయ్య ఎత్తిపోసుకుని తాగి, అతనికి అందించాడు.

మర్నాటి ఆట వివరాలు మా క్రీడల పేజీలో వచ్చాయి గనక ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. మొదటి సెట్టు ఈశ్వరయ్యది, రెండోది దేవదానానిది. మూడోదానిలో నాలుగు నాలుగు దగ్గర ఈశ్వరయ్య తన సర్వీసు గేము పోగొట్టుకున్నాడు, మళ్లీ తెచ్చుకోలేకపోయాడు. చెంబు దేవదానానికి సొంతమైంది. ఇక పోటీ దేనికోసమని అక్కడే ఎవరో అడిగారు. దేవదానం భార్య ఇంటికి పోయి తమ ఇత్తడి చెంబు తెచ్చి వల పక్కన పెట్టింది. "ఇగ మా ఇంటిది పెడుతున్న. నీళ్లకు మాకు రాగిది ఉన్నది" అంది.

నేను తిరుగు ప్రయాణం ఈశ్వరయ్యతో బస్సులోనే చేశాను. నల్లగొండలో తల్లి గడపలో కూర్చుని ఉంది. కొడుకు చేతులు చూసింది, సంచి చూసింది.

"వాళ్లింట్లనే ఉన్నది. ఇగ రాదు" అన్నాడు ఈశ్వరయ్య.

"నీళ్లు తాగుతున్నరా, అల్మార్ల పెట్టిన్రా?"

"తాగుతున్నరు. నేను గూడ తాగిన."

"అయితే మంచిగనే ఉన్నది. కాళ్లు కడుక్కో" అని ఆమె లోపలికి పోయింది.

పోటీలు ఎలా మొదలవుతాయని కదా నేను బయలుదేరింది. కప్పుతో మొదలవుతాయని క్లబ్బుల్లో విన్నాను. ఈ రెండు జిల్లాల మధ్య చూసింది వేరు. మోరీ దగ్గర ఒకరు, గేటు దగ్గర ఒకరు, ఆగిపోతే తమకే లాభమైన చోట ఆగకుండా తొక్కారు. ఎవరూ అడగని ఆ దూరం తొక్కకపోతే మర్నాడు ఆ కోర్టులో ఆడడానికి ఏమీ మిగిలేది కాదు. ఈ దారిన సైకిలు మీద పోదలచినవాళ్లకు ఒక్క మాట. ఈ ఏడాది డిండి, కల్వకుర్తి మధ్య రాళ్లను నమ్ముకుని మైళ్లు లెక్కపెట్టకండి, ఎవరినైనా కలవవలసి ఉంటే మోరీ దగ్గరో ఊరి దగ్గరో అని చెప్పుకోండి.