జీతం పడే ఖాతా

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. హిందూపురంలో నా కుట్టు యూనిట్ ఉన్న వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కరెంటు బిల్లు కొట్టే అబ్బాయి దగ్గర్నుంచి బెంగళూరు నుంచి గుడ్డ తెచ్చే లారీ డ్రైవరు దాకా అందరూ ఒకసారైనా నా చేత చివాట్లు తిన్నవాళ్ళే. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మా ఆయన నవ్వుతూ అంటుంటారు. ఆయన ప్రభుత్వ బడిలో టీచరు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

యూనిట్ అంటే పెద్దదేమీ కాదు. పారిశ్రామికవాడకు వెళ్ళే దారిలో ఒక రేకుల షెడ్డు, పద్నాలుగు మిషన్లు, పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. బెంగళూరు వ్యాపారి గుడ్డ పంపిస్తాడు, మేము స్కూలు యూనిఫాం చొక్కాలు కుట్టి పంపిస్తాం. అంతకుముందు నేను ఒక పెద్ద ఫ్యాక్టరీలో ఏడేళ్ళు చొక్కా చేతులు కుట్టాను. అక్కడ మానేసి, నా పెళ్ళిలో నాయన పెట్టిన గాజులు తాకట్టు పెట్టి మూడు మిషన్లతో ఇది మొదలుపెట్టాను.

యూనిట్ నా పేరు మీదే ఉంది. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. మా ఆయన జీతానికి ఎటూ పన్ను పడుతుంది, ఇది కూడా ఆయన పేరు మీద పెడితే రెండూ కలిసి పై శ్లాబులోకి పోతాయి, పెట్టుబడి నా బంగారమే కాబట్టి నా పేరు మీద పెట్టుకుంటే విడిగా లెక్క వేస్తారు అని మా ఆడిటరు చెప్పాడు. ఇన్‌కంటాక్సు పుణ్యమా అని నేను ఓనరమ్మనయ్యాను.

ఈ ఆడిటరు వాళ్ళది తరాలుగా కిరాణా వ్యాపారం. వాళ్ళ తాత బెల్లం తూచినంత జాగ్రత్తగా ఇతను సెక్షన్లు తూస్తాడు. ఒక వేసవిలో నేను ఇంకో పది మందిని పనిలో పెట్టుకోవాలనుకుంటున్నానని చెబితే అతని ముఖం వెలిగిపోయింది.

"కొత్తగా ఉద్యోగాలిచ్చేవాళ్ళకు టాక్సులో ఒక మినహాయింపు ఉండాది మేడం. కొత్తవాళ్ళ జీతాల్లో ముప్పై శాతం, మూడేండ్ల పాటు, మీ ఆదాయంలోంచి అదనంగా తీసేయొచ్చు" అన్నాడు.

"ఊరికేనా అప్పా?"

"ఊరికే ఏదీ రాదు మేడం. పోయినేడు కంటే మనుషులు పెరిగుండాల. పీఎఫ్ కట్టాల. బట్టల లైను కాబట్టి ఏడాదిలో నూటయాభై దినాలు పని చేసుంటే చాలు. జీతం మాత్రం చేతికియ్యకూడదు, బ్యాంకులో పడాల. పాతవాళ్ళక్కూడా అదే పద్ధతి పెట్టేయండి. ఒకే దినం ఒకరికి పదివేలు దాటి క్యాషిస్తే ఎట్లాగూ ఖర్చు కింద ఒప్పుకోరు. ఇంకోటి, పాతవాళ్ళు పోకుండా చూసుకోండి. పాతామె ఒకరు మానేస్తే కొత్తామె ఒకరు లెక్కలోకి రారు."

మెట్లు దిగుతూనే పక్క షెడ్డు అద్దెకు అడగాలనుకున్నాను. రోడ్డు మీదికొచ్చేసరికి మిగిలే పన్ను డబ్బుతో గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్లు రెండు కూడా మనసులోనే కొనేశాను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు. నిజం చెప్పాలంటే ఆ రూలు రాసినవాళ్ళ మీద నాకు గౌరవం కూడా కలిగింది. ఎక్కడో ఢిల్లీలో కూర్చుని, రేకుల షెడ్డులో పది మందికి పనివ్వాలనుకునే నాలాంటిదాని గురించి ఎవరో ఆలోచించారు. జీతం ఖాతాలో పడితే ఆడవాళ్ళకే మంచిదనీ అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర విషయం చెప్పాను. వచ్చే నెల ఏడో తారీఖు నుంచి కవర్లు ఉండవు, అందరూ ఖాతా నంబర్లు తెచ్చివ్వండి అన్నాను. చప్పట్లు కొడతారనుకున్నాను. మూలనున్న ఒకామె "కవరే బాగుండాది కదక్కా" అని సణిగి మజ్జిగ కలుపుకుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా, నేనింకో పది నిమిషాలు బ్యాంకు ఖాతా వల్ల లాభాలు చెప్పాను.

సాయంత్రం అందరూ వెళ్ళాక కాలర్లు కుట్టే ఆమె ఆగింది. ఆమెది పెనుకొండ దగ్గర, ఎర్రమంచి పక్కనున్న పల్లె. ఊళ్ళో మగవాళ్ళు సగం మంది కార్ల ఫ్యాక్టరీ పనులకు పోతుంటే ఆమె భర్త మాత్రం నాలుగెకరాల చేను పట్టుకుని ఉన్నాడు. ఆమె రోజూ హిందూపురం వచ్చి పని చేసి పోతుంది. ఆదివారం చర్చి తప్పించి నాగా లేదు. చొక్కాలో కష్టమైన పని కాలరు. రెండు కొసలూ ఒక్క తీరుగా రావాలి, బెంగళూరు ఆయన ముందు చూసేది అదే. ఆమె కుట్టినవి ఒక్కటీ వెనక్కి రాలేదు.

"అక్కా, నాకు కవరే ఇయ్యండి" అంది.

"కుదరదమ్మా. రూలు."

"ఖాతా కార్డు మా ఇంటాయన దగ్గర ఉంటాది."

"అయితే అడిగి తీసుకో. అడగందే అమ్మైనా పెట్టదు."

"అది కాదక్కా..."

నాకు కోపం వచ్చింది. పది మందికి పని పుట్టే మార్గం దొరికితే దీనికి అడ్డం పడతావా అన్నాను. సొంత జీతం గురించి కట్టుకున్నవాణ్ణి ఒక మాట అడగలేనిదానివి ఇన్నేళ్ళు ఏం సంపాదించావన్నాను. రేపు కార్డు తీసుకుని రా, లేకపోతే రావద్దు అన్నాను. ఆమె కత్తెరను గుడ్డలో చుట్టి, సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఫోను ఆమె భర్త ఎత్తి "పనికే పోయింది కదా" అన్నాడు. నేను తెల్లబోయి పెట్టేశాను. కాలర్లు ఇద్దరు మార్చి మార్చి కుట్టారు, ఒక లాట్‌లో మూడోవంతు వెనక్కి వచ్చింది. ఆడిటరు మాట గుర్తొచ్చి ఒక కొత్త ఉద్యోగం అప్పుడే లెక్కలోంచి పోయిందనుకున్నాను. కానీ నన్ను నిజంగా తొలిచింది లెక్క కాదు. పనికి పోతున్నానని ఇంట్లో చెప్పి ఆమె ఎక్కడికి పోతోందో నాకు తెలియదు.

పది రోజులకు మజ్జిగామె నోరు విప్పింది. రోజూ ధర్మవరం పోయి వస్తోందట, అక్కడ చిన్నమ్మ ఇంట్లో పట్టుచీరలకు కుచ్చులు కడుతోందట. మరుసటి రోజు పొద్దున్నే రైలెక్కాను. పెనుకొండ దాటేటప్పుడు కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ ఏమని తిట్టాలో కూర్చుకున్నాను. ఇల్లు దొరికేసరికి ఆ తిట్లేవీ మిగల్లేదు. వరండాలో నలుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చీర కొంగుల పోగులు ముడి వేస్తున్నారు. నన్ను చూసి ఆమె లేవబోయింది. నేనే పక్కన కూర్చున్నాను.

"ఈడ ఎంత వస్తాంది?" అన్నాను.

"చీరకింతని ఇస్తారక్కా. మీ దగ్గర వచ్చేదాంట్లో సగం కూడా రాదు."

"మరి ఎందుకొచ్చినావు?"

"చేతికిస్తారని."

కాసేపు ముడులు వేసి, తలెత్తకుండా చెప్పింది. "ఇంట్లో నా జీతం తొమ్మిదివేలని చెప్పినా. మీరిచ్చేది పదమూడు. రెండేండ్లుగా నెలకు నాలుగువేలు ఈడ చిన్నమ్మ దగ్గర దాస్తాండా. పాప నర్సింగు చదవల్లంటాంది. ఈ ఏడే చేర్చల్ల."

"మీ ఆయన తాగుతాడా?"

"తాగితే తిట్టి ఊరుకుందును. బోర్లు వేస్తాడక్కా. మూడు వేసినాడు, మూడిట్లోనూ దుమ్మే వచ్చె. ఇప్పుడు నీళ్ళు చూసేటోన్ని ఎవర్నో పిలిపించి టెంకాయ పట్టించి నాలుగోదానికి పాయింటు పెట్టించినాడు. కార్డు ఆయప్ప జేబులో ఉంటాది, మెసేజీ ఆయప్ప ఫోనుకే పోతాది. పదమూడువేలు ఆడ పడినాయంటే ఆ దుడ్లు నేల్లోకే. చెడ్డోడు కాదక్కా. నీళ్ళు పడితే అందరం బాగుపడతామని ఆశ. ఆ ఆశ ఉన్నోన్ని ఏమని అడగల్ల?"

నాకు సిగ్గేసింది. అందరి ముందూ ఏడుపు కూడా వచ్చింది. పీఎఫ్‌తో, ఖాతాతో ఆమెను లెక్కలోకి తేవాలని ఎవరో రూలు రాశారు. నేను దాన్ని కర్రలా పట్టుకుని, ఏ లెక్కలోనూ లేని వరండాలోకి ఆమెను తరిమాను. రూలు చెడ్డదని నేననను. దాన్ని రాసినవాళ్ళకు ఈ నాలుగో బోరు సంగతి తెలిసే దారి లేదు. నాకు ఉంది, అయినా నేను అడగలేదు.

అక్కడ్నుంచే ఆడిటరుకు ఫోన్ చేసి ఖాతా ఏ బ్యాంకులో ఉండాలని అడిగాను. "ఆమె పేరు మీద ఉంటే చాలు మేడం, పోస్టాఫీసు బ్యాంకైనా సరే" అన్నాడు. ఆమెకు చెప్పాను. కొత్త సిమ్ము, కొత్త ఖాతా. జీతం అందులో పడుతుంది, తొమ్మిది తీసి ఇంటికి పట్టుకుపో, మిగతాది నీ ఇష్టం. ఆమె, అవతల కూర్చున్న చిన్నమ్మ వైపు చూసింది. చిన్నమ్మ ముడి వేస్తూనే "పోవే" అంది.

రెండుసార్లు పెనుకొండ వెళ్ళాం. మొదటిసారి ఆధార్‌లో ఫోన్ నంబరు మార్పించాం. రెండోసారి పోస్టాఫీసులో ఖాతా తెరిచాం. ఆమె వేలిముద్ర ఒక పట్టాన పడలేదు. సూది పోట్లకు వేలి చివర్లు అరిగి ఉన్నాయి. నాలుగోసారికి పడింది. నామినీగా కూతుర్ని రాయించింది.

"సాక్షి మీరేనా? మీ ఫోన్ నంబరు చెప్పండి" అన్నాడు కౌంటర్లో గుమాస్తా నాతో.

గుక్క తిప్పుకోకుండా పది అంకెలూ చెప్పేశాను.

ఆమె నా వైపు తిరిగి, "అక్కా, అది సారు నంబరు కదా" అంది మెల్లగా. సెలవు కావాలంటే ఆమె ఆ నంబరుకే ఫోన్ చేసేది.

నిజమే, అది మా ఆయన నంబరు. యూనిట్ ఖాతాకు ఆ నంబరే, టాక్సు కాగితాలకు ఆ నంబరే, పీఎఫ్‌కు ఆ నంబరే. బెంగళూరు నుంచి డబ్బు పడితే మెసేజీ ముందు ఆయనకు వచ్చేది, ఓటీపీ వస్తే ఆయనే బడిలోంచి ఫోన్ చేసి చదివి వినిపించేవారు. ఐదేళ్ళుగా అలాగే జరుగుతోంది. నా ఫోను ఆ క్షణం నా చేతిలోనే ఉంది. దాని నంబరు చెప్పడానికి నేను రెండుసార్లు తడబడ్డాను. ఆమె నవ్వలేదు.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. ఆమె సోమవారం వచ్చి సొరుగులోంచి కత్తెర తీసుకుంది. ఆ నెలలోపు ఇంకో ఐదుగురు ఒక్కొక్కరే, ఎవరూ లేనప్పుడు వచ్చి "ఆ పోస్టాఫీసు సంగతేందక్కా" అని అడిగారు. పద్దెనిమిది మందిలో ఆరుగురికి అబద్ధమాడటంలో నేను సాయపడ్డాను, అందుకు నాకు బాధ లేదు. పక్క షెడ్డు తీసుకున్నాం, పది మంది కొత్తవాళ్ళు చేరారు, మినహాయింపు వచ్చింది. ఆమె కూతురు నర్సింగులో చేరింది. చినుకులు పడ్డాకే చూద్దామని భర్త నాలుగో బోరు వాయిదా వేశాడట.

కానీ పెనుకొండ నుంచి తిరిగొచ్చిన ఆ రోజు నేను వేరే పని పెట్టుకున్నాను. ఇంటికి పోగానే మా ఆయనతో, ఖాతాకు నా నంబరు పెట్టించుకుంటానని చెప్పాలి. ఇంతే. ఆయన అన్నం తింటుంటే చెబుదామనుకున్నాను, తిన్నాక చెబుదామనుకున్నాను. మర్నాడు బడికి ఆలస్యమవుతోందని ఊరుకున్నాను. ఇంకో రోజు ఆయనకు జలుబు చేసింది. మాట నాలుక చివరిదాకా వచ్చేది, ఆయన మంచితనమంతా గుర్తొచ్చేది, వెనక్కి పోయేది. ఊరినంతా తిట్టే నేను, వంటింట్లో నిలబడి ఆ వాక్యాన్ని లోలోపల నాలుగైదు రకాలుగా మార్చుకున్నాను.

చివరికి ఒక ఆదివారం ఆయన పేపరు చదువుతుంటే, గోడ వైపు చూస్తూ చెప్పాను.

ఆయన పేపరు దించారు. "ఎందుకు? నేనేమన్నా తప్పు చేసినానా?" అన్నారు.

"ఊరికే" అన్నాను.

ఆయన ఏ తప్పూ చేయలేదు. ఐదేళ్ళలో నా ఖాతాలోంచి ఒక్క రూపాయి ముట్టుకోలేదు. మర్నాడు బడికి సెలవు పెట్టి నాతో బ్యాంకుకు వచ్చారు, ఫారం ఆయనే అడిగి తెచ్చిచ్చారు. అలాంటి మనిషిని ఒక్క మాట అడగడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఆమెకు నేను ఒక్క రాత్రి గడువిచ్చాను.