కప్పు పట్టుకున్న చెయ్యి

ఫోన్లో బాస్కెట్‌బాల్ చూస్తూ మా మేనల్లుడు, "ఒక్క కప్పు గూడ గెలువనోడు గొప్పోడెట్లయితడు మామా?" అన్నాడు. నాకు రోత పుట్టింది. వాడి మీద కాదు, తొమ్మిదేళ్లప్పటి నా మీద.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల పక్క కోర్టు నిండా బొగ్గు దుమ్మే. రెండుసార్లు బంతి పట్టుకుంటే చాలు, అరచేతులు నల్లబడేవి. గనుల జట్ల ఫైనల్ రోజు, డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పక్కింటి రాజన్న కాక మా జట్టు పాయింట్లన్నీ దాదాపు ఒక్కడే తెచ్చాడు. అయినా ఓడిపోయాం.

ఆట ముగిసిన వెంటనే కాక నవ్వుతూ నాకు చెయ్యి చాచాడు. నల్లటి చెమట కారుతోంది. అసహ్యమేసి నా చేతులు వెనక్కి దాచుకున్నాను.

"మసి అంటుతది కాకా."

కాక చెయ్యి నిక్కరుకు తుడుచుకుని, "అయితే పో బిడ్డా," అన్నాడు.

గెలిచిన జట్టులో కప్పు ఎత్తుకుని తిరుగుతున్న ఒకతని దగ్గరికి ఉరికాను. "నువ్వే గొప్పోనివన్నా," అన్నాను. అతను చెయ్యిచ్చాడు. తెల్లగా, పొడిగా, సబ్బు వాసన వేస్తున్న చెయ్యి. వారం రోజులు బడిలో దాని గురించే చెప్పుకు తిరిగాను.

ఆ కోర్టులో బంతి ముట్టినవాడి చెయ్యి అంత తెల్లగా ఎలా ఉంటుందని ఒక్కసారైనా అనుకోలేదు.